సాయిబుగారు కుట్టిన పుస్తకాలు

“పైడమ్మా, బంక గిన్నెకి మూతెట్టినావా?”

“ఎట్టినాను సాయిబుగారూ. మీరు పడుకోండి.”

మహబూబ్ సాయిబుగారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. అప్పటికి ఆ గిన్నెలో బంక లేదు. దుకాణం మూసేసి చాన్నాళ్ళయింది, గిన్నె ఎక్కడుందో నాకే తెలీదు. మంచానికి అతుక్కుపోయిన మనిషికి ఆ సంగతి చెప్పి ఏం లాభమని పెట్టానన్నాను. ఆయన కనురెప్పలు వాల్చారు. మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది.

ఇవాళ ఉదయం మా వీధి చివర గోడకు ఎవరో పోస్టర్లు అంటించారు. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన బంక. ఆ వాసన గుమ్మం దాకా వచ్చింది. బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి అక్కడే కూలబడ్డాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గాని రాయడం రాదు. అందుకని ఉక్కునగరంలో ఉంటున్న మా చెల్లెలి కూతురు గౌరికి ఫోన్ చేయించి రప్పించాను. నేను చెబుతుంటే తను రాస్తోంది. నా మాటల్ని పుస్తకాల భాషలో పెడతానంది. పెట్టుకోనీ. మనుషులు మాట్లాడుకున్నది మాత్రం మాట్లాడినట్టే ఉంచమన్నాను.

సాయిబుగారిది పూర్ణా మార్కెట్ వెనక సందులో చిన్న బైండింగ్ దుకాణం. ఒక పక్క బెల్లం కొట్టు, ఇంకో పక్క తాళ్ళు అమ్మే కొట్టు, మధ్యలో ఈయన. మసీదు పుస్తకాలూ కుట్టేవారు, భజన పుస్తకాలూ కుట్టేవారు. కాని దుకాణం నడిచింది మాత్రం యూనివర్సిటీ పిల్లల మీదే. పరిశోధన చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి రాసినదాన్ని కుట్టించి, గట్టి అట్ట వేయించి, అట్ట మీద బంగారు అక్షరాలు అద్దించి ఇవ్వాలి. దాన్ని థీసిస్ అంటారు. పెద్ద చదువులవాళ్ళు దాన్ని చూసి సరేనంటే పేరుకు ముందు డాక్టరు చేరుతుంది. నేను ఆ సందులోకి వెళ్ళేనాటికి ఇవేవీ నాకు తెలియవు. మా ఆయన అప్పలరాజు సరుకు దించే కూలి. దగ్గు పట్టుకున్నాక రోజు విడిచి రోజు పనికి పోయేవాడు. ఇల్లు గడవక నేను పని వెతుక్కుంటూ బయల్దేరాను. సాయిబుగారు నా ముఖం చూడలేదు, చేతులు చూశారు.

“దబ్బనం పట్టడం వచ్చా?”

“గోనిసంచులు కుట్టినానండి.”

“కాయితం గోని కాదమ్మా. గోని నీ తప్పుని ఓర్సుకుంటాది. కాయితం ఓర్సుకోదు. కూకో.”

కూర్చున్నాను. కాగితాల కట్టకు వరసగా కన్నాలు పొడవడం, దారం లాగి బిగించడం, ముడి లోపలికి పోయేలా తిప్పడం ఆయనే నేర్పారు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. వంకరగా కుడితే విప్పి నా ఒళ్ళో పెట్టేవారు, అంతే.

ఆ దుకాణానికి ఒక ఆచారం ఉండేది. థీసిస్ మీద బంగారు అక్షరాలు వేయాలంటే సీసపు అక్షరాలను వేడి చేయాలి. వాటిని పొయ్యి మీద పెట్టేముందు ఆయన ఆ పిల్లనో పిల్లవాడినో గుమ్మం దగ్గరి చెక్కపెట్టె మీద కూర్చోబెట్టేవారు. “ఏటి కనిపెట్టినావ్? నాకు కాదు, పైడమ్మకి సెప్పు. ఆవిడికి అర్తమయితేనే అచ్చరాలు కాలేది” అనేవారు. కొందరు నవ్వేవారు, కొందరు చిరాకు పడేవారు. చాలామంది మాత్రం తడబడేవారు. ఏళ్ళపాటు చేసిన పనిని నాలుగు మాటల్లో చెప్పమని వాళ్ళను అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

అలా ఆ పెట్టె మీద కూర్చుని ఎంతమంది ఎన్ని చెప్పారో. ఒకమ్మాయి చేప పేగుల్లో బతికే పురుగుల గురించి రాసింది. ఆ వారమంతా నేను చేప కోసినప్పుడల్లా కడుపు గాలించాను. ఒకాయన ఉక్కు కరిగించాక మిగిలిన చిట్టెంతో ఇటుకలు చేయవచ్చన్నాడు. ఒకావిడ జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు ఎందుకు కాలిపోతాయో చూసింది. ఇంకొకరు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎలా పుట్టాయో, మరొకరు మన పెళ్ళిపాటల్లో ఆడపడుచును ఎన్ని రకాలుగా తిడతామో, ఇంకెవరో ఏజెన్సీ ఆకుల పసరు పుండును ఎలా మాన్పుతుందో. మనిషి ఊపిరి తీసుకునే చోట ఉన్న ఏ వస్తువునూ వీళ్ళు వదల్లేదనిపించేది. కన్నాలు పొడుస్తూ ఆ కాగితాల మీద చెయ్యి ఆనించినప్పుడు, ఈ ఊరంతా ముక్కలు ముక్కలుగా నా ఒళ్ళోకి వచ్చినట్టుండేది.

లెక్కల అబ్బాయి ఒకడొచ్చాడు. పుస్తకంలో వెతికితే ఎక్కడా లెక్క లేదు, అన్నీ అక్షరాలే.

“నాను ఒకటి ఉన్నాదని రుజువు సేసినానండి” అన్నాడు నాతో.

“ఎక్కడున్నాది బాబూ?”

“ఎక్కడున్నాదో తెలీదండి. ఉన్నాదని మాత్రం కచ్చితం.”

సాయిబుగారు బంక కలుపుతూ తల ఎత్తకుండా, “ఇందులో కొత్తేటి ఉందిరా బావా, మా మసీదులో రోజుకి అయిదు మార్లు అదే సెప్తారు” అన్నారు. ఆ అబ్బాయి నవ్వి నవ్వి పెట్టె మీంచి జారాడు. అక్షరాలు వెంటనే కాలాయి.

ఇంకోసారి ఒకమ్మాయి, రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకు నిద్ర సరిగ్గా పట్టదని తేల్చానంది. నాకు ఒళ్ళు మండింది. “అది తేల్చడానికి అన్నేళ్ళెందుకమ్మా, మా ఈదిలో ఏ ఆడదాన్నడిగినా సెప్పును కదా” అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తను వెళ్ళాక సాయిబుగారు నాతో ఒకటే మాట అన్నారు. “నీకు తెలిసింది నీతో పోద్ది పైడమ్మా. రాసెడితే రేపొకడు దాన్ని పట్టుకుని దెబ్బలాడతాడు.”

ఆ మాట నాలో దిగిపోయింది. పుస్తకమంటే నాకు అప్పటిదాకా పక్కింటి పిల్లలు పరీక్షకు ముందు మోసుకెళ్ళే బరువు. రాసిన దానికోసం ఎక్కడో ఒకడు ఎదురు చూస్తూ ఉంటాడని, ఏనాటికైనా వచ్చి తెరుస్తాడని నాకు నమ్మకం కుదిర్చింది ఆయనే. మిషను కత్తి కింద కోసిన పుస్తకానికి అంచులు ఒకదానికొకటి లీలగా అంటుకుని ఉంటాయి. మొదటిసారి తెరిస్తే చిట్ చిట్‌మని విడతాయి. కోసిన తరవాత సాయిబుగారు పుస్తకాన్ని తిరగేసి చూసుకునేవారు కాదు. ఆ చప్పుడు చదివేవాడి సొత్తు అనేవారు.

మా వీధి పాత ఊరి అంచున, ఓడరేవులో బొగ్గు గుట్టలు పోసే చోటికి దగ్గర. గాలి అటునుంచి తిరిగితే ఆరేసిన చీర మీద నల్లటి పొడి రాలుతుంది, బిందెలో నీళ్ళ మీద తెట్టు కడుతుంది. ఒక ఏడు శైలజ అనే పిల్ల రోజూ ఎలమంచిలి నుంచి పొద్దుటి రైల్లో వచ్చి మా వీధిలో తిరగడం మొదలెట్టింది. రైతుల బిడ్డ, యూనివర్సిటీలో పరిశోధన. దుమ్ము పట్టే డబ్బాలు మా డాబాల మీద పెట్టేది. ఇంటింటికీ వెళ్ళి ఒక గొట్టం ఇచ్చి ఊదమనేది. ఊపిరి ఎంత బలంగా ఉంటే గొట్టం మీది ముల్లు అంత పైకి లేస్తుంది.

“ఏటమ్మా, నాకు పెళ్ళా? సన్నాయి తెచ్చినావు” అన్నాడు మా ఆయన.

“గట్టిగా ఊదండి బాబాయ్.”

ఊదాడు. ముల్లు కాస్త కదిలి ఆగింది. మళ్ళీ ఊదాడు. అక్కడికే.

“నీ ముల్లుకి సిగ్గెక్కువమ్మా, లెగట్లేదు” అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయాడు. శైలజ రాసుకుంటూ తల దించుకుంది.

“ఇది రాత్తే ఏటవుద్దమ్మా?” అని అడిగాను.

“పెద్దోళ్ళు చూస్తారు పిన్నీ. చూసినాక ఏదో ఒకటి చెయ్యకుండా ఎలా ఉంటారు?”

ఇంకెవరైనా అయితే నమ్మేదాన్ని కాదేమో. సాయిబుగారి దగ్గర పనిచేసినదాన్ని కనుక నమ్మాను. మా ఆయన ఊపిరి ఒక పుస్తకంలోకి ఎక్కుతుంది, అది చదివినవాడు కదిలి వస్తాడు, ఆయన ఉండగానే మా వీధికి ఆ దుమ్ము తప్పుతుంది. వీధంతా అదే ఆశ పెట్టుకుంది.

ఆ థీసిస్ మా దుకాణానికే వచ్చింది. ఇవ్వడానికి గడువు ఆ సాయంత్రమే. అదే గడువుకు ఇంకో అబ్బాయి కూడా వచ్చాడు. జాలర్లు అలలకూ నీటి రంగులకూ పెట్టుకున్న పేర్లను ఏరి రాశాడు. రెండు పుస్తకాలదీ ఒకే కొలత, ఒకే ముదురు ఎరుపు అట్ట. సాయిబుగారి కళ్ళకు అప్పటికే శుక్లాలు. ఈ సీజను పోనీ, కోయించుకుంటాను అంటూ వాయిదా వేస్తున్నారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ప్రతి అధ్యాయానికి ముందు పెద్ద అంకె వేసిన కాగితం ఒకటి ఉంటుంది. ఆయన ఆ అంకెను కంటికి ఆనించుకుని చూసి కట్టలు వరసగా పేర్చి నాకిస్తున్నారు, నేను కన్నాలు పొడుస్తున్నాను. అక్షరాలు కాల్చేముందు శైలజను పెట్టె మీద కూర్చోబెట్టారు.

“మీ వీధిలో మనుషుల ఊపిరి, దుమ్ము తగలని వీధిలో మనుషుల ఊపిరి ఒకటి కాదు పిన్నీ. ఎంత తేడానో ఇంటింటి లెక్కా నాలుగో అధ్యాయంలో ఉంది” అంది.

“అర్తమయింది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“తడారలేదమ్మా. రేపటిదాకా ఇప్పకండి” అని సాయిబుగారు పుస్తకాలు కట్టి ఇచ్చారు. విప్పకుండానే ఆటోలో పెట్టుకుని పోయింది.

శైలజ డాక్టరయింది. మిఠాయి పట్టుకుని మా వీధికొచ్చి, తన కాపీ ఒకటి నా చేతిలో పెట్టింది. “ఇది మీ వీధిదే పిన్నీ, మీ దగ్గరే ఉండాలి” అంది. అప్పటికి మా ఆయన మంచం దిగడం మానేశాడు. వీధివాళ్ళం కూడబలుక్కుని, అర్జీలు తీసుకునే ఆఫీసుకు ఆ పుస్తకంతోనే వెళ్దామనుకున్నాం. మా సంగతి ఉన్న పేజీలో చీటీ పెట్టించుకుందామని సాయిబుగారి దగ్గరికి తెచ్చాను. ఆయనకు అప్పటికి కళ్ళ ఆపరేషన్ అయింది.

నాలుగో అధ్యాయం దగ్గర తెరిచారు. అంచులు చిట్‌మన్నాయి. చదివారు. కాగితం తిప్పారు, ఇంకోటి తిప్పారు.

“ఏటి రాసిందండీ?” అన్నాను.

“అలలమ్మా. జాలరోళ్ళు అలలకెట్టిన పేర్లు.” ఆయన పుస్తకం మూయలేదు, వేలు అక్కడే ఉంచారు. “ఇది మన ఈది కాదు. నాను మార్చేసినాను పైడమ్మా. ఆడిది దీన్లో ఎట్టి, దీన్ది ఆడి దాన్లో ఎట్టేసినాను. కాపీలన్నీ ఒక్కపాలే పేర్చినాను గదా, అన్నిట్లోనూ ఇంతే.”

శైలజకు ఫోన్ చేస్తే పరుగున వచ్చింది. చూసుకుని ఆ చెక్కపెట్టె మీదే కూర్చుండిపోయింది. “పరీక్షించినవాళ్ళు నాలుగో అధ్యాయం చాలా బాగుందని రాశారండీ” అంది.

“ఆళ్ళకి కంప్యూటర్లో పంపుంటారమ్మా. అందులో సరిగ్గానే ఉండుంటాది” అన్నారు సాయిబుగారు.

“ఏమోనండి” అంది శైలజ. అంత చదువుకున్న పిల్ల నోట ఆ మాట అంత నీరసంగా వినలేదు నేను.

యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న కాపీని సరిచేసి వస్తానని సాయిబుగారు బయల్దేరారు. పనిముట్ల సంచి నేను పట్టుకున్నాను. థీసిస్‌లు పెట్టే గది ఒకటి ఉంది అక్కడ. లోపలికి అడుగు పెట్టగానే ఆయన ఆగిపోయారు. బీరువాల నిండా ఆయన చేతి పనే. ఎరుపు, నలుపు, పచ్చ అట్టలు, వాటి మీద ఆయన కాల్చిన బంగారం. చేత్తో ఒక వరసంతా నిమిరారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడటం అదే ఆఖరు. తరవాత శైలజ పుస్తకం తీసి అంచు మీద బొటనవేలు ఆనించారు. అంచులు ఎక్కడా విడలేదు, ఎవరూ తెరవనే లేదు. దాన్ని పెట్టి పక్కది తీశారు. అదీ విడలేదు. చేప పురుగుల పుస్తకం తీశారు, చిట్టెం ఇటుకలది తీశారు, జీడిపిక్కలది తీశారు, లెక్కల అబ్బాయిది తీశారు. ఎక్కడో ఒకటి రెండు మాత్రం చేతులు పడి మెత్తబడ్డాయి. మిగిలినవన్నీ మేం కోసి పంపిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

లైబ్రరీ మేడమ్ మంచావిడ. మాకు కుర్చీలు వేయించింది. “ఇప్పుడు ఇవి తీసేవాళ్ళెవరండీ, అన్నీ కంప్యూటర్లోనే చూసుకోవచ్చు” అంది.

“సూత్తన్నారా అమ్మా?” అన్నారు సాయిబుగారు.

ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దింది. అసలు విషయం విన్నాక నెమ్మదిగా, “పేజీలు మార్చాలంటే డిపార్ట్‌మెంట్ నుంచి కాగితం తేవాలి. ఆ కాగితం అడిగితే అందరికీ తెలుస్తుంది. అప్పుడు ఆ అమ్మాయి డిగ్రీ మీదికి రావచ్చు. ఆలోచించుకోండి” అంది. సాయిబుగారు ఎక్కువసేపు ఆలోచించలేదు. పుస్తకాన్ని తీసిన చోటే పెట్టేశారు. సంచి విప్పనే లేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. “సెప్తే పిల్ల బతుకు పోద్ది, సెప్పకపోతే మీ ఈది పోద్ది” అన్నారు. నాతో అన్నారో, తనలో అనుకున్నారో తెలీదు. మా ఇంటిలెక్కలు ఇప్పటికీ ఆ గదిలో అలల పేర్లు రాసినవాడి పుస్తకంలో ఉన్నాయి.

మా వీధి కాపీని మాత్రం విప్పి, శైలజ మళ్ళీ ప్రింటు తీసిచ్చిన కాగితాలు పెట్టి కుట్టారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ప్రతి కాగితం చదువుకుని పేర్చారు. కొత్త అట్ట వేసి మళ్ళీ బంగారం వేశారు. అర్జీలిచ్చే రోజున మాతో పాటు తనూ వరసలో నిలబడ్డారు. మా వంతు వచ్చింది. ఆఫీసరు చిన్న వయసువాడు, ఓపికగానే విన్నాడు. పుస్తకం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది యూనివర్సిటీవాళ్ళు చదువు కోసం రాసుకున్నదమ్మా. మేం మా మనుషుల్ని పంపి మళ్ళీ చూడాలి, వాళ్ళు రిపోర్టు ఇవ్వాలి.”

“ఇందులో అంతా రాసుంది బాబూ. నాలుగోది ఒక్కటి సదవండి” అన్నాను.

“చూస్తాంలే” అన్నాడు. అట్ట మీద వేలితో నిమిరాడు. “బైండింగ్ మాత్రం చాలా బాగుంది. ఎక్కడ చేయించారు?”

సాయిబుగారు నా వెనకే ఉన్నారు. పుస్తకం మాకు తిరిగి ఇచ్చేశారు, అర్జీ కాగితం మాత్రం ఉంచుకున్నారు. చూడటానికి ఏ మనుషులూ రాలేదు.

ఆ వానాకాలంలోనే మా ఆయన పోయాడు. ఆఖరికి గుక్కెడు నీళ్ళు తాగడానికి కూడా ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చేది. సాయిబుగారు వచ్చి, వానలో అరుగు చివర గొడుగు కింద కూర్చున్నారు. పాడె ఎత్తేదాకా కూర్చున్నారు.

తరవాత కూడా కొన్నాళ్ళు దుకాణం నడిచింది. థీసిస్‌లు వచ్చేవి. ఆయన కుట్టేవారు, కోసేవారు, అక్షరాలు కాల్చేవారు. ప్రశ్న మాత్రం అడగడం మానేశారు. ఒకమ్మాయి ఎవరో చెప్పగా విని సిద్ధపడి వచ్చింది. తనంతట తనే పెట్టె మీద కూర్చుంది.

“నన్ను అడగరా సాయిబుగారూ?”

“ఏటడగాలమ్మా?”

“ఏం కనిపెట్టావని.”

“నీ మొకంలోనే తెలస్తన్నాది. అచ్చరాలు కాలినాయి పైడమ్మా, అట్టియ్యి.”

పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్ళింది. తను సందు మలుపు తిరిగేదాకా చూసి, “అడిగితే ఆశెట్టినట్టవుద్ది పైడమ్మా” అన్నారు. ఆ తరవాత పుస్తకాల మాట ఆయన నోట నేను వినలేదు. నన్ను మనిషిని చేసిన నమ్మకం ఆయనే ఇచ్చారు. అది ఆరిపోవడం కూడా ఆయన పక్కనే కూర్చుని, దారం లాగుతూ చూశాను.

వీధి కాపీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. అడిగినవాళ్ళు లేరు. పోయిన ఏడు గౌరితో నాలుగో అధ్యాయం చదివించుకున్నాను. చదివించుకునేదాకా నాకు తెలీదు, అందులో మనుషుల పేర్లు ఉండవట. ఉండకూడదట, అది వాళ్ళ నియమమట. మనిషికో నెంబరు. ముల్లు లేవని నెంబర్లు చాలానే ఉన్నాయి. మా ఆయన వయసు మగవాళ్ళు, ఆయన పనే చేసినవాళ్ళు, ఆయనలాగే దగ్గినవాళ్ళు. గౌరి ఒక్కొక్కటీ చదువుతుంటే ఇదా, ఇదా అనుకున్నాను. ఏ నెంబరు మా ఆయనో ఇప్పటికీ తెలీదు. శైలజను అడిగితే, ఆ జాబితా పరిశోధన అయిపోగానే చించేయాలి పిన్నీ, చించేశాను అంది. అంటే రాసిపెట్టిన దాంట్లో కూడా ఆయన లేడు. ఉన్నాడు గాని నేను వెళ్ళి పట్టుకోలేను. ఇదే నాతో మిగిలింది. కొన్ని రోజులు ఒక నెంబరును మా ఆయననుకుంటాను, కొన్ని రోజులు ఇంకోదాన్ని. నిద్రపట్టనప్పుడు అన్నీ మా ఆయనే అనుకుంటాను.

దీన్ని ఎవరైనా చదువుతారని నాకు నమ్మకం లేదు. అయినా చెప్పాను. చెప్పడం అయిపోయింది.

“గౌరీ, మీ పెదనాన్న పేరు రాసినావేటే?”

“రాశాను పెద్దమ్మా. అప్పలరాజు అని, నువ్వు చెప్పినట్టే.”

“సాయిబుగారిది?”

“అదీ రాశాను.”

“అయితే కలం పక్కనెట్టు. మొదట్నించి సదివి ఇనిపించు. ఏ కాయితమూ దాటెయ్యకు.”